మైకు ఆపిన తొమ్మిది గంటలు

"ఐదు డిస్కులల్ల ఒకటి పోతే గింత లొల్లి ఎందుకమ్మా?" అని అడిగాడు మేనేజర్ సంజీవ.

"మంచానికి ఒక కాలు విరిగితే ఇటుక పెట్టి పండొచ్చు సార్. రెండోది గూడ విరిగితే కిందనే" అంది సమ్రీన్.

మహబూబాబాద్‌లోని ఓ చిన్న ట్రస్టు ఆస్పత్రిలో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. చుట్టుపక్కల తండాల క్షయ రోగుల నాలుగేళ్ల ఎక్స్‌రేలు ఆ ఐదు డిస్కుల పెట్టెలోనే ఉన్నాయి. ఇంకెక్కడా నకలు లేదు. ఒక డిస్కు చచ్చినా మిగతా నాలుగూ పని నెట్టుకొస్తాయి. ఇంకోటి చస్తే అన్నీ గల్లంతే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. బస్సుల్లేవు, బొగ్గు లేదు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. డీజిల్ కరువై ఆస్పత్రి జనరేటర్‌ను ఆ ఉదయం నుంచే ఆపరేషన్ గదికి పరిమితం చేశారు. కొత్త డిస్కు బీరువాలో సిద్ధంగానే ఉంది. కానీ పాత నాలుగింటి నుంచి సమాచారమంతా దానిలోకి చేరడానికి తొమ్మిది గంటలు కావాలి. బ్యాటరీ నిలిచేది అరగంట.

"సమ్మె అయ్యేదాక బంద్ చేసి పెట్టరాదు?" అన్నాడు సంజీవ. ఏళ్లుగా ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ కదులుతుందన్న నమ్మకం ఆమెకు లేదు.

రోడ్డవతల దీక్షా శిబిరంలో మైకు కోసం టెంట్‌హౌస్ చత్రు జనరేటర్ పెట్టాడు. సమ్రీన్ నేరుగా వెళ్లి, డిస్కుల పెట్టెకు తొమ్మిది గంటలు కరెంటు ఇమ్మని అడిగింది.

"అందరం సమ్మెల ఉంటే నువ్వు డ్యూటీ చేస్తున్నవా చెల్లె?" అన్నాడు శిబిరం నడిపే రాజలింగం సారు.

"సమ్మె చేసింది డిస్కు సార్. నేను బతిమిలాడుతున్న."

"రెండింటికి లాగదు గా జనరేటర్. మైకు లేకుంటే ఉపన్యాసాలెట్ల?" అన్నాడు చత్రు.

ముందు వరసలోని కట్టమ్మ దగ్గు ఆపుకుని అడిగింది: "నా పక్కబొక్కల ఎక్స్‌రే ఫోటోలు గా డబ్బలనే ఉన్నయా బిడ్డా?"

"ఉన్నయి అవ్వా, మూడు."

"గట్లయితే బంద్ చేయుండ్రి మైకు. నిన్నటిసంది గవే మాటలు."

అందరికంటే గట్టిగా నవ్వింది రాజలింగం సారే. వైరు రోడ్డు దాటింది. తొక్కడానికి బస్సులెలాగూ లేవు.

ఎర్రదీపం వెలుగుతున్న డిస్కు నంబరు కాగితం మీద రాసుకుని, మూడుసార్లు సరిచూసి, దాన్నే లాగింది సమ్రీన్. చెయ్యి పక్కదాని మీద పడితే కథ అక్కడికే సరి. కొత్తది పెట్టి, పెరిగే శాతం అంకె ముందు కూర్చుంది. అవతల ఉపన్యాసాలు ఉత్త గొంతులతోనే సాగాయి. సాయంత్రం ఆరింటికి దీపం పచ్చబడింది.

ఆ రోజుల త్యాగాల గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. సమ్రీన్ చెప్పేది ఇంతే: "నా కోసం గాళ్లు తొమ్మిది గంటలు మైకు బంద్ పెట్టిండ్రు. ఉపన్యాసం ఇచ్చేటోళ్లకు గది చిన్న ముచ్చటనా?" చత్రు ఎదురైతే నేటికీ ఆగి సలాం చేశాకే ముందుకు కదులుతుంది.

ఆ రోజు కాలిన డీజిల్‌కు ఎనిమిది వందల రూపాయలు ఆస్పత్రి అతనికి ఇంకా ఇవ్వలేదు.