తువ్వాలు కప్పిన తిరుగుబాటు

మధుసూదనరావుకు భయపడటమే వ్యాపకం. సింగపూర్‌లో చూయింగ్ గమ్ నిషేధమని విని, మొదటిసారి వచ్చేటప్పుడు జేబులో ఉన్న వక్కపొడి పొట్లం మొత్తం విమానంలోనే నమిలి మింగేసి దిగిన మనిషి. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా సిగ్నల్లో నడిచే పచ్చబొమ్మ వెలిగేదాకా కదలడు. నిజంగానే వెలిగిందా అని సరిచూసుకునేసరికి మళ్ళీ ఎర్రబొమ్మ పడుతుంది. సైన్స్ పార్కులో కంప్యూటర్ ఉద్యోగం కాబట్టి, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయన్న వైటూకే గండానికి భయపడి ఇంట్లో గోడగడియారం కూడా ఆపేశాడు.

"ఫైన్ వేస్తారేమో" అనేది అతని ఊతపదం.

"డాడీ, నోబడీ కేర్స్ లా," అనేది సింగపూర్ యాస పట్టేసిన కూతురు భువన.

"మెల్లిగా అను. అలా అన్నా ఫైన్ వేస్తారేమో."

అలాంటివాడి ఇంట్లో తిరుగుబాటు బొమ్మ ఉందంటే ఎవరు నమ్ముతారు? తారాదేవి నమ్ముతుంది. ఇచ్చింది తనే.

ఆ పటం ఆమె భర్త వెంకటేశ్వర రావు ఇక్కడి మొదటి జీతంతో కొన్నది. ఫ్రాన్సులో జనం రాజుగారి మీద తిరగబడిన ఘట్టం. ముందు జెండా పట్టుకుని దూసుకొచ్చే ఆడమనిషి, వెనక కత్తులూ తుపాకులతో జనం, పైనంతా పొగ. ఆయన రోజూ దాని అద్దంలో చూసుకుంటూనే టై కట్టుకునేవాడు. నిరుడు గుండెపోటుతో ఆయన పోయాక తారాదేవి ఆ గోడవైపు తలెత్తలేకపోయింది.

"నేను చూడలేను అన్నయ్యగారూ, ఎక్కడన్నా పారేయండి," అంది.

"పారేస్తే ఫైన్ వేస్తారేమోనమ్మా," అని, ఆమె భర్తతో కలిసి పనిచేసిన మధుసూదనరావు దాన్ని ఇంటికి మోసుకుపోయాడు.

ఇద్దరి ఇళ్ళూ పాసిర్ రిస్ పేటలోనే, రోడ్డుకు అటొక బ్లాకు, ఇటొక బ్లాకు. తారాదేవి ప్రతి శుక్రవారం ఫోన్ చేసి వాళ్ళింటికి వెళ్ళేది. ఎప్పుడు వెళ్ళినా పటం మీద తువ్వాలు. ఒక వారం ఎర్రగళ్ళది, ఒక వారం ఏనుగు బొమ్మలది.

"అదేమిటన్నయ్యగారూ?"

"తిరుగుబాటు కదమ్మా. గవర్నమెంటువాళ్ళు చూస్తే నేనేదో ప్లాన్ వేస్తున్నాననుకుంటారు. ఉద్యోగం పాసు రద్దు చేసి ఇండియా పంపించేస్తారు."

"పదో అంతస్తులోకి తొంగిచూసే గవర్నమెంటు ఎవరండీ?" అనేది వంటింట్లోంచి భార్య అరుంధతి.

"గవర్నమెంటు దగ్గర నిచ్చెనలుంటాయే."

ఏడాది తిరిగాక తారాదేవికి తన గోడ మీద మిగిలిన మేకు కనబడటం మొదలైంది. పటం ఒక్కసారి చూడాలనిపించింది. పారేయమన్నదాన్ని ఏ మొహం పెట్టుకుని అడగడం? నెలరోజులు ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ఒక ఆదివారం అరుంధతే ఫోన్ చేసి మాటల మధ్యలో అంది, "ఇవాళ ఎదురింటి పోలీసాయన భోజనానికొస్తున్నాడు వదినా. ఈయన పొద్దున్నించీ గోడలు తుడుస్తున్నారు."

తారాదేవి ఫోను పెట్టేసింది. పచ్చబొమ్మను నమ్మనివాడు పోలీసు ముందు తువ్వాలును నమ్ముతాడా? ఈపాటికి పటం, చెత్త కిందికి జారవిడిచే గొట్టంలో పడే ఉంటుంది. పట్టకపోతే కోసి మరీ పడేసుంటాడు. ఇంటి చెప్పులతోనే బయల్దేరి, ఎర్రబొమ్మ వెలుగుతుండగానే రోడ్డు దాటేసింది. వాళ్ళ బ్లాకు కింద చెత్త డబ్బాలోకి తొంగిచూసింది. లేదు. లిఫ్టు అంతస్తు అంతస్తుకీ ఆగింది.

తలుపు బార్లా తీసుంది. బయటి ఇనపగ్రిల్లులోంచి చూస్తే పటం గోడ మీదే, అద్దం తళతళలాడుతూ ఉంది. దాని కిందే పోలీసాయన పులిహోర తింటున్నాడు.

"ఇది మా వెంకటేశ్వర రావుది సార్," ఇంగ్లీషులో చెబుతున్నాడు మధుసూదనరావు. "ఆ పొగ చూడండి, ఎంత బాగుందో. తప్పంతా రాజుగారిదే సార్."

"వెరీ నైస్ లా," అన్నాడు పోలీసాయన.

అంతలో గ్రిల్లు దగ్గర తారాదేవి కనబడింది. మధుసూదనరావు మొహం పాలిపోయింది. తువ్వాలు లాక్కుని స్టూలెక్కి పటానికి కప్పేశాడు.

"వస్తున్నానని ఫోన్ చెయ్యకుండా వచ్చావేంటమ్మా?"

"పోలీసుకి చూపించి నాకు కప్పుతున్నారేంటి అన్నయ్యగారూ?"

అతను తువ్వాలు అంచులు సర్దాడు. అరుంధతే గ్రిల్లు తీస్తూ చెప్పింది. "ఆ తువ్వాలు మీకోసమే వదినా. మీరు వస్తున్నానని ఫోన్ చెయ్యగానే ఈయన స్టూలెక్కుతారు. ఓసారి కిందపడ్డారు కూడా."

"చూడలేనన్నావు కదమ్మా," అన్నాడతను, స్టూలు మీద నుంచే.

"తీసెయ్యండి."

"తియ్యనా? ఏడవవు కదా?"

"ఏడిస్తే ఫైన్ వేస్తారా?"

తువ్వాలు దిగింది. తారాదేవి పటం ముందు చాలాసేపు నిలబడింది. పోలీసాయన మర్యాదగా లేచి, జెండా పట్టుకున్న ఆవిడ ఎవరని అడిగాడు.

"నేనేనట," అంది తారాదేవి. "టెక్కా మార్కెట్లో మంచి రొయ్యలొచ్చాయని తెలిస్తే నా నడక ఇదేననేవారు మా ఆయన."

భువన దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆమె నవ్వేసింది. పోలీసాయన ఒకసారి పటాన్నీ, ఒకసారి ఆమెనూ చూసి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు.