ఎస్తేరును ఇచ్చి సలోమిని తెచ్చుకున్నం

నిన్న పొద్దున ప్రార్థనల ఉన్న. ఫోన్ మోగింది. తమ్ముడు సామ్యేలు.

"అక్కా, సలోమి పోయింది" అన్నడు.

 

మొన్న సాయంత్రమే హాస్పిటల్ల చూసొచ్చిన. జ్వరం తగ్గింది, ఆదివారం లోపల డిశ్చార్జ్ అన్నరు. మస్తు హుషారుగ ఉండె. ఇంటికి తెస్తమనే అనుకున్నం. దేవుని చిత్తం వేరే ఉండె.

సలోమి నాకు మరదలు. సామ్యేలు భార్య. ఆమె ఎవరో తెల్వనోళ్ల కోసం ఒక్క ముచ్చట రాస్తున్న. నవ్వొస్తే నవ్వుర్రి. ఆమెకు అదే ఇష్టం.

మచ్చ బొల్లారంల మా చర్చి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్‌కు మా నాయిన కోచ్. మా చెల్లె ఎస్తేరు ఆ టీమ్‌కు స్టార్. చర్చిల మధ్య పోటీలు పెడితే కప్పు మాదే. మా ప్లాన్ ఒక్కటే. బాల్ ఎస్తేరుకు ఇయ్యాలె, పక్కకు జరగాలె.

గప్పుడు శామీర్‌పేట నుంచి సంబంధం వచ్చింది. కుండమార్పిడి. వాళ్ల కొడుకుకు మా ఎస్తేరు, మా సామ్యేలుకు వాళ్ల బిడ్డ సలోమి. రెండు పెళ్లిళ్లు ఒక్క పందిట్ల.

నాయిన సరే అన్నడు.

పోటీల రూల్ ఏందంటే, ఏ చర్చి సభ్యులు ఆ టీమ్‌కే ఆడాలె. పెళ్లైన పిల్ల అత్తగారి చర్చి సభ్యురాలు. గట్ల మా స్టార్ శామీర్‌పేట టీమ్‌కు పోయింది. బదులు మాకొచ్చిన పిల్ల జిందగీల బాల్ ముట్టలే.

ఆదివారం ఆరాధన ఐనంక చర్చి ముంగట ఛాయ్ తాగుకుంట అందరిదీ ఒకటే పంచాయితి.

"నువ్వేం కోచ్‌వయ్యా, స్టార్‌ను ఇచ్చి ఎవలన్న వంటమనిషిని తెచ్చుకుంటరా?" అన్నడు నాయిన దోస్తు ఒకాయన.

ఆయనకు ఛాయ్ ఇస్తున్నది కొత్త కోడలు సలోమే.

"వంట గూడ రాదు మామా. మీరు ఇంకా ఎక్కువనే నష్టపోయిన్రు" అన్నది.

ఆయనకు ఛాయ్ పొలమారింది.

ఆ యేడు పోటీలకు మా టీమ్‌ల ఒకామె తక్కువ పడ్డది. సలోమినే దింపినం. అవతలి టీమ్‌ల ఎస్తేరు.

ఎట్లనో బాల్ సలోమి చేతికొచ్చింది. ఏంజేయాల్నో తెల్వక గట్టిగ పట్టుకొని నిలబడ్డది. ఎస్తేరు ఎదురుంగ వచ్చి, ఉప్పు అడిగినట్టు నిమ్మళంగ, "వదినా, గా బాల్ ఇటియ్యి" అన్నది.

సలోమి ఇచ్చింది.

ఎస్తేరు పోయి బాస్కెట్ వేసింది. నాయిన తల పట్టుకున్నడు.

"ఆడబిడ్డ నోరు తెరిచి అడిగితే లేదంటరా మామా?" అన్నది సలోమి.



ఓడినం. తర్వాత కూడ ఓడుకుంటనే ఉన్నం.

కానీ టీమ్ నడవాలంటే పిల్లలు గావాలె కదా. సలోమి బయల్దేరింది. కౌకూర్ దాక మా చర్చోళ్ల ఇల్లిల్లు తిరిగింది. "బాల్ తీస్కపోయి అవతలోళ్లకు ఇచ్చినదాన్ని నేనే. నన్నే ఆడనిస్తున్నరు, నీ బిడ్డను వద్దంటరా?" అని తల్లులను ఒప్పించింది. ప్రాక్టీస్ ఐనంక అందరికి తనే ఉప్మా చేసేది. ఆ ఉప్మా గురించి నేనేం రాయ.

బాల్ ఇద్దామంటే ఎస్తేరు లేదు. ఇగ అందరు ఆడాల్సొచ్చింది.

ఒక యేడు శామీర్‌పేటనే ఓడగొట్టినం. ఎస్తేరు వారం దాక మా ఫోన్ ఎత్తలే.

గప్పటి నుంచి ఇంట్ల నలుగురు కలిస్తే ఇదే డిస్కషన్. నాయిన చేసింది రైటా, తప్పా?

"తప్పే. నేనుంటే ఇంకెన్ని కప్పులొస్తుండె" అంటది ఎస్తేరు. సామ్యేలేమో భార్య దిక్కు, రైటే అంటడు. నాయిన నవ్వేటోడు. ఉన్నన్ని రోజులు అట్లనే నవ్విండు.

విచిత్రం ఏందంటే, సలోమి తన మీద తనే వాదించేది. "స్టార్‌ను ఎవలిస్తరు? మామ మంచోడే, కోచ్‌గ తప్పు జేసిండు" అనేది. అందరు నవ్వేటోళ్లు. ఆమె గూడ నవ్వేది. నవ్వుకుంటనే నా మొఖం దిక్కు ఒకసారి చూసేది.

నేను పెద్దదాన్ని. ఒకామె చెల్లె, ఒకామె మరదలు. ఏ దిక్కు మాట్లాడలే.

మొన్న బెడ్ మీద పడుకొని అడిగింది. "పెద్దొదినా, నిజంగ చెప్పు. నేనొచ్చి మీకు నష్టమే కదా?"

ఈసారి నవ్వలే.

"నాయిన చేసింది రైట్" అన్న.

 గంతే, మళ్లా పాత సలోమి. "నా ఒక్కదానికి చెప్తే ఏమొస్తది? ఎస్తేరొదినకు చెప్పు. అందరి ముంగట చెప్పు" అన్నది.

ఆదివారం చర్చిల చెప్త అన్న.

ఇయ్యాల పొద్దుగాల నుంచి ఆమె టీమ్‌కు తెచ్చిన పిల్లలు వస్తున్నరు. ఇప్పుడు వాళ్లకే పిల్లలున్నరు. సలోమి పెట్టె పక్కన కూసొని ఎస్తేరు ఏడ్చుకుంట, "నేను ఈ టీమ్‌లనే ఉండాల్సింది" అన్నది. ఏడుపుల గూడ అదే వాదన.

కౌకూర్ నుంచి వచ్చిన ఒకామె మెల్లగ అన్నది, "నువ్వుంటే నేను కోర్టుల అడుగే పెట్టకపోదును అక్కా."

ఎస్తేరు జరిగి ఆమెకు పక్కన జాగ ఇచ్చింది.

అందరి ముంగట చెప్తున్న. ఎస్తేరూ, నువ్వు గూడ చదువు.

మనం ఇచ్చింది స్టార్‌నే. అండ్ల అబద్ధం లేదు. అయినా నాయిన చేసింది రైట్. నువ్వున్నప్పుడు మేం గెలిచినం. సలోమి వచ్చినంక మేం ఆడినం.

సమాధి ప్రార్థన సాయంత్రం. వచ్చేటోళ్లు జల్దీ రార్రి.

పోయిరా సలోమీ. యేసయ్య నీడల సల్లగ నిద్రపో బిడ్డా.