ట్యాగు వెనక చిరునామా

జూన్ రెండో సోమవారం పొద్దున పదకొండు దాకా శకుంతలమ్మ ఫోన్ మూడే సార్లు మోగింది. ముగ్గురూ ధర అడిగి పెట్టేశారు. నిరుడు ఇదే వారంలో ఫోన్ పక్కన పెడితే తప్ప ఆమెకు అన్నం తినడం కుదిరేది కాదు.

చంద్రగిరి నుంచి పాకాల వెళ్లే దారిలో ఆమెకు మూడెకరాల మామిడి నర్సరీ ఉంది. భర్త జయరామ్ ఆర్టీసీ డ్రైవరు. నర్సరీ పూర్తిగా ఆమె పెత్తనమే. అంటు కట్టేవాళ్లకు పొద్దున ఇచ్చిన కత్తుల్ని సాయంత్రం ఒక్కొక్కటే తీసుకుంటుంది. ఎరువు ట్రాక్టరు వస్తే పైపైన చూడదు, అడుగుదాకా చెయ్యి పెట్టి పిడికెడు తీసి వాసన చూస్తుంది. ఈ ఏడు తొమ్మిది వేల అంట్లు సంచుల్లో నిలబడి ఉన్నాయి. వానల అదనులోనే అమ్ముడుపోవాలి. ఆలస్యమైతే వేళ్లు సంచి చించుకుని నేలలోకి దిగుతాయి, పెరికితే సగం చచ్చిపోతాయి.

ఆమె అనుమానమంతా నరేంద్ర మీద. తిరుపతిలో వెబ్‌సైట్లు చేసే మనిషి. మే నెలలో వచ్చి ఆమె సైటు తెరిచి పెదవి విరిచాడు.

"ఏందక్కా ఇది? పేజీ చిరునామాలో ప్రశ్న గుర్తు, దాని వెనక రెండు వందల పన్నెండు. అది మామిడో మునగో గూగుల్‌కు ఎట్లా తెలుస్తాది? ఇమాం పసంద్ అంటు అని చిరునామాలోనే పేరు పెడితే, వెతికినోళ్లకు మనమే ముందు కనపడతాము."

"పేరు పెడితే మొక్క మారదు కదప్పా."

"మొక్క మారదు, కంటికి ఆనుతాది."

ఆమె పాస్‌వర్డ్ చెప్పలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి తనే కొట్టింది. అతను పని చేసినంతసేపూ వెనకే నిలబడింది. మూడు వారాలకు, వెతికితే నిజంగానే ఆమె నర్సరీ మొదట కనిపించింది. ఎక్కడెక్కడివాళ్లో ధర అడిగారు. కొనేవాళ్లు మాత్రం కనిపించలేదు.

రోడ్డుకు అవతల బాలచంద్ర నర్సరీ. ఆ మధ్యాహ్నం అతని గేటు ముందు రెండు మినీ లారీలు మొక్కలు ఎత్తుతున్నాయి. వాటి పక్కనే నరేంద్ర బైకు ఉంది. శకుంతలమ్మ చేతిలోని నీళ్ల పైపు కింద పడేసి చూసింది. తనకు రావాల్సిన ఫోన్లన్నీ అక్కడికి మళ్లించాడన్నమాట. ఎట్లా చేశాడో తెలియదు గానీ చేశాడని మాత్రం తేల్చేసుకుంది.

బుధవారం పాకాల నుంచి దేవకమ్మ ఫోన్ చేసింది. ఏడేళ్లుగా ఆమె దగ్గరే అంట్లు కొనే రైతు.

"బాగుండావా శకుంతలా? నర్సరీ ఎత్తేసినావంట కదా?"

"ఎవురు సెప్పినారు?"

"సెప్పేదేముంది? సచ్చిన మొక్కల బదులు కొత్తవి కావాలని ట్యాగు తిప్పి ఫోన్ పెట్టి సూస్తే, పేజీ లేదు అంటా ఉండాది. నీ నంబరు యాడో పోయింది. ఎత్తేసినావేమో అనుకొని మీ ఎదురాయన కాడ నూటయాభై మొక్కలు తీసుకున్నాము. నిన్న మీ ఆయన బస్సులో కనపడి నంబరిస్తే సేస్తా ఉండా."

శకుంతలమ్మ అట్లాగే మంచం మీద కూర్చుంది.

ఏడేళ్లుగా ఆమె ప్రతి అంటుకూ ఒక అల్యూమినియం ట్యాగు కడుతోంది. ముందువైపు రకం పేరు. వెనకవైపు నల్ల గళ్ల కోడ్. దాన్ని ఫోన్‌తో చూస్తే ఆ మొక్క కట్టిన దఫా పేజీ తెరుచుకుంటుంది: తల్లిచెట్టు ఫోటో, అంటు కట్టిన తేదీ, కింద ఆమె నంబరు. పక్క తోటవాడు కాయ చూసి ముచ్చటపడి ట్యాగు తిప్పుతాడు. ఆమె అమ్మకంలో ముప్పాతిక అట్లా వచ్చిందే. ఆ కోడ్‌లలో ఉన్నవి పాత చిరునామాలు.

పిలిస్తే నరేంద్ర సాయంత్రానికే వచ్చాడు.

"పాత చిరునామాలు ఏం చేసినావు?"

"తీసేసినానక్కా. ఒకే పేజీ రెండు చిరునామాల్లో ఉంటే ఏది అసలుదో గూగుల్‌కు తెలీదు."

"మేము మొక్కల్ని ఒక మడి నుంచి ఇంకో మడికి మారిస్తే, పాత మడిలో పుల్ల గుచ్చి యాడికి పోయినాయో రాసి పెడతాము. మీకు ఆ తెలివి లేదా?"

"ఉండాదక్కా. పాతదాన్ని తట్టినోణ్ణి కొత్తదానికి తోలేదానికి దారి పెడతాము. మీ పాతవాటికి బయట లింకులేమీ కనపడలా, ఎవురూ రారులే అనుకున్నా. అది నా తప్పే. కానీ ట్యాగుల మాట మీరు ఒక్క ముక్కన్నా సెప్పినారా?"

ఆమె చెప్పలేదు. చెబితే ఇతను వెళ్లి బాలచంద్ర చెవిలో వేస్తాడని, వారంలో ఎదురు నర్సరీ మొక్కలకూ కోడ్‌లు వేలాడతాయని, అతను కూర్చున్న మూడు గంటలూ ట్యాగుల పెట్టె మీద గోనెపట్ట కప్పి పెట్టింది.

"ఆయన గేటు కాడ నీ బైకెందుకు ఉండాది?"

"ఆయనకూ సైటు చేస్తా ఉండా. మీకు చేస్తే ఇంకొకరికి చేయకూడదా?"

"ట్యాగుల సంగతి ఆయనకు సెప్పినావంటే సూడు."

"ఇంతసేపటికి కదక్కా నాకే తెలిసింది!"

ఆమెకు నమ్మకం కుదరలేదు. కుదిరేదాకా ఆగే అదనూ లేదు. ప్రతి దఫా నుంచీ ఒక ట్యాగు మిగిల్చి దాచిన ఆ పెట్టె తెచ్చి అతని ముందు బోర్లించింది. ఏడేళ్లలో కట్టిన అంట్లు మూడు వందల పన్నెండు దఫాలు, దఫాకొక పేజీ. అతను ఒక్కో పాత చిరునామాకు కొత్త దారి పెడుతుంటే, ఆమె ఆ దఫా ట్యాగు తీసి తన ఫోన్‌తో చూస్తోంది. అతని ఫోన్‌లో చూపిస్తానంటే ఒప్పుకోలేదు. మల్గోవా ట్యాగు ఒకటి నీలం రకం మామిడి పేజీకి వెళ్లింది.

"ఇది చాలదా నా పేరు పోయేదానికి?" అంది.

అతను నాలుక కరుచుకుని సరిచేశాడు. ఆమె ఆ ట్యాగును రెండుసార్లు చూసింది.

గురువారం మధ్యాహ్నానికి నూట ఎనభై ఆరు ట్యాగులు సరైన పేజీకి వెళ్లాయి. ఇంకా నూట ఇరవై ఆరు ఉన్నాయి.