అత్త కదలని మూల

ఈమధ్య మా మనవరాలు ఫోన్లో చూసి ఒక యంత్రం తెప్పించుకుంది. పొడుగాటి కర్ర, దాని కొసన పళ్లెమంత బిళ్ళ. నేలకు దగ్గరగా ఊపుకుంటూ నడిస్తే కింద ఇనుమున్నా ఇత్తడున్నా కుయ్యిమంటుంది. కాలేజీలో చరిత్ర చదువుతున్న పిల్ల, పాత నాణేలు వెతికి పట్టుకోవాలని దాని సరదా. పెరడంతా తిరిగి రెండు సోడా మూతలు, ఒక పాత నల్లా ముక్క సంపాదించింది. అంతవరకు నేనూ నవ్వుతూనే ఉన్నాను గానీ, ఆ కర్ర గోడవారన జామచెట్టు మూలకు తిరగగానే నా ప్రాణం ఉండబట్టలేదు. కుర్చీ ఈడ్చుకుపోయి ఆ మూలనే వేసుకుని కూర్చున్నాను. అప్పటినుంచి నా చాయ్ అక్కడే, ఎల్లిపాయలు ఒలవడం అక్కడే. ఎండ పడుతున్నది, ఫ్యాను కిందికి రమ్మని కోడలు పిలిస్తే వినబడనట్టు ఊరుకుంటున్నాను. ఎందుకో నా ఈడువాళ్లకైతే చెబితే అర్థమవుతుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను మోర్తాడ్ దిక్కు పసుపు పండించే ఊళ్లో పుట్టి, బోధన్ రోడ్డు మీద చెరుకు పండించే ఈ ఊరికి కోడలిగా వచ్చాను. కాపురానికి వచ్చేనాటికే నయాపైసలు వచ్చి, నిజాం కాలపు హాలీ సిక్కా చెల్లకుండా పోయింది. చార్మినారు బొమ్మ ఉన్న ఆ పాత రూపాయలు నిజామాబాదు తీసుకుపోయి అవుసలి, అంటే కంసాలి, దగ్గర వెండి కింద తూచి ఇవ్వడమే. అయినా మా అత్తగారింట్లో పొద్దున లేస్తే హాలీ రూపాయల మాటే. రజాకార్ల గడబిడలో మా మామ ఇంట్లో ఉన్న వెండి రూపాయలన్నీ ఒక కుండలో పోసి ఎక్కడో పాతిపెట్టాడట. గడబిడ సద్దుమణిగినా కుండ బయటికి తీయలేదు. భూమిలో ఉన్నదే భద్రం అనుకున్నాడో, కొడుకుల మీద నమ్మకం లేకపోయిందో తెలియదు. నా పెళ్లికి ముందే పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. ప్రాణం పోయేముందు చెయ్యెత్తి పెరటి దిక్కు చూపించాడని మా బావ, అంటే మా ఆయనకు అన్న, అనేవాడు. పెరడు కాదు, గొడ్ల కొట్టం దిక్కు చూపించాడని మా ఆయన. పెద్దమనిషి తనను కాస్త బయటికి తీసుకుపొమ్మని సైగ చేశాడేమోనని మాత్రం వాళ్లిద్దరికీ తోచలేదు. నాకు తోచింది గానీ, కొత్త కోడల్ని, నోరు మూసుకున్నాను.

ఆ ఇంట్లో అనుమానానికి ఒక పద్ధతి ఉండేది. మట్టి గోడలు, మట్టి వాకిలి. శుక్రవారం శుక్రవారం ఆడవాళ్లం పేడ, ఎర్రమట్టి కలిపి అలికేవాళ్లం. తవ్విన చోటును దాచాలంటే అలకడం తప్ప వేరే దారి లేదు గనుక, వారం కాని వారం ఎక్కడ తడి అలుకు కనిపించినా ఎవరు అలికారు, ఎందుకు అలికారు అని ఆరా. కోడి గోకిన చోటు నేను అలికితే మా యారాలు, అంటే బావ భార్య, వచ్చి కాలి బొటనవేలితో నొక్కి చూసేది. ఆమె బీరగింజలు పెడితే, నీళ్లు పోసే సాకుతో నేను పోయి చూసేదాన్ని. మొలక ఆలస్యమైతే అక్కడ గింజ పెట్టలేదేమో, కుండ తీసి పూడ్చిందేమో అని నా బాధ. ఆ తీగ పందిరెక్కి కాయ కాసిందాకా నాకు కుదురు లేదంటే నమ్మండి. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్లో ఆ భూతానికి రెండు పూటలా వండిపెట్టాం.

అందరికంటే ఎక్కువ అనుమానం మా అత్త మీద. అంతకాలం మామతో కాపురం చేసిన మనిషికి కుండ జాడ తెలియకుండా ఉంటుందా? పైగా ఆమె నడవడి కూడా అలాగే ఉండేది. పెరట్లో స్నానాల బండ పక్కన ఒక మూల ఉంది. అక్కడ ఎవర్నీ గుంజ పాతనిచ్చేది కాదు, గొడ్డును కట్టనిచ్చేది కాదు, చివరికి వేడినీళ్లు పారబోయనిచ్చేది కాదు. ఇల్లంతా మాతో అలికించి ఆ మూల మాత్రం తానే అలికేది. ఎందుకని అడిగితే మాట మార్చేది. ఇంకేం కావాలి? కుండ అక్కడే ఉందని నేను రూఢి చేసుకున్నాను, యారాలూ రూఢి చేసుకుంది. ఆ సంగతి ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఇంటి పాళ్లు పంచుకునే మాట వచ్చినప్పుడు బావ ఒకటే పట్టు పట్టాడు. కుండ బయటపడితేనే పాళ్లు, కుండ సంగతి చెప్పిందాకా తల్లితో మాట లేదు. మొండిమనిషి, అన్నంత పనీ చేశాడు. కన్నతల్లి ఎదురుగా కూర్చుని అన్నం పెడుతుంటే, చాలనడానికి చెయ్యి అడ్డం పెట్టేవాడు తప్ప నోరు తెరిచేవాడు కాదు. పేరుకు ఒకే పొయ్యి, ఒకే కప్పు. మా అత్త మాత్రం ప్రతి పూటా "ఇంకింత పెట్టాల్నా బిడ్డా?" అని అడిగేది, అడిగి గరిటె అట్లాగే పట్టుకుని కొంచెంసేపు ఆగేది. ఆ ఆగడం చూడలేక నేను చెంబు తీసుకుని నీళ్లకు లేచేదాన్ని. అయినా, ఆ జాగ ఏదో చెప్పేస్తే పోదా ముసలమ్మ అని లోలోపల విసుక్కునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో, చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి తోలడం అయిపోయిన ఎండాకాలంలో, బావ నందిపేట్ దిక్కు నుంచి ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. మిలిటరీలో పనిచేసి వచ్చినవాడట. యుద్ధంలో భూమిలో పాతిన మందుపాతరలు వెతికే యంత్రం ఎట్లా సంపాదించాడో గానీ, దానితో ఊరూరా లంకెబిందెలు వెతికిపెడుతున్నానన్నాడు, దొరికినదాంట్లో తనకూ ఒక పాలు ఇవ్వాలన్నాడు. ఆ యంత్రం మా మనవరాలి దానిలాగా అందరికీ వినబడేటట్టు కూయదు. భుజానికి ఒక పెట్టె, చెవులకు రెండు డిప్పలు, కూత ఆ డిప్పల్లోనే. అంటే పెట్టుకున్నవాడికే వినబడుతుంది. అసలే అనుమానాల ఇల్లు, ఇక చూసుకోండి. అతను పెరట్లో నాలుగడుగులు వేశాడో లేదో, కూత విని కూడా విననట్టు నటించి తర్వాత వచ్చి తవ్వుకుపోతాడేమోనని బావకు పట్టుకుంది. "డిప్పలు గిటియ్యి, నేనింట" అని గుంజుకున్నాడు. ఆయన ఒక్కడే వింటే ఎట్లా అని మా ఆయన అడ్డం తిరిగాడు. చివరికి ఒక డిప్ప అన్న చెవికి, ఒక డిప్ప తమ్ముడి చెవికి కుదిరింది. పాళ్ల గొడవతో ఎడమొగం పెడమొగంగా ఉన్న అన్నదమ్ములు చెంపకు చెంప ఆనించుకుని ఆ మిలిటరీ మనిషి వెనకాల అడుగులో అడుగేస్తుంటే, నేనూ యారాలూ కొంగులు నోట్లో కుక్కుకున్నాం. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదటిసారి.

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అడుగడుక్కూ కూతే, తవ్వితే ఎద్దు నాడా. కంకరరోడ్డు మీద చెరుకు బండ్లు లాగే ఎడ్లకు గిట్టలు అరగకుండా ఇనుప నాడాలు కొట్టించేవారు. అవి ఏళ్ల తరబడి ఊడి పడి, వాటి మేకులతో సహా పెరడంతా నాటుకుపోయి ఉన్నాయి. కూత వినబడిందని అన్నదమ్ములు అనగానే అందరం గుంత చుట్టూ మూగడం, నాడా బయటికి రాగానే ఒకరి మొగం ఒకరం చూసుకోవడం. మిలిటరీ మనిషి చెమట తుడుచుకుంటూ, మీ ఇంట్లో వెండి సంగతేమో గానీ ఇనుప దుకాణం పెట్టుకోవచ్చన్నాడు. బావ నవ్వలేదు.

యంత్రం స్నానాల బండ దిక్కు తిరగగానే, అప్పటిదాకా అరుగు మీద బియ్యం ఏరుతున్న మా అత్త చేట పక్కన పెట్టి లేచింది. వచ్చి ఆ మూలన నిలబడింది. మిలిటరీ మనిషి ఆమె పాదాల చుట్టూ బిళ్ళను తిప్పాడు. డిప్పలు పెట్టుకున్న అన్నదమ్ములిద్దరి మొగాలూ ఒక్కసారే మారాయి. జరగమంటే ఆమె జరగలేదు.

"గీడ తవ్వద్దు. మీకు దండం పెడ్త, గీ జాగ ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి" అంది.

ఎందుకో చెప్పమంటే చెప్పదు. చూశావా అన్నట్టు యారాలు నా మోచెయ్యి గిల్లింది, నేనూ తలూపాను. బావ తల్లి భుజం పట్టుకుని పక్కకు జరిపి గడ్డపార అందుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. అక్కడే కూలబడి కొంగు మొగానికి అడ్డం పెట్టుకుంది.

మోకాటి లోతున గడ్డపార తగిలి ఒక మట్టి మూత పగిలింది. దాని కింద ఉన్నది కుండ కాదు, చిన్న ముంత. లోపల నల్లటి మట్టి, తుప్పు పట్టిన కొడవలి ముక్క, ఒకే ఒక్క హాలీ రూపాయి. బావ దాన్ని చేతిలో పట్టుకుని, మిగతావి ఏవన్నట్టు తల్లి దిక్కు చూశాడు. అప్పుడామె కొంగు తీసింది.

"గది నీ మాయ ముంత బిడ్డా. నిన్ను కన్ననాడు మంత్రసాని పెట్టి, నాకొక్కదానికే జాగ చూపిచ్చింది. తీస్తే కొడుకు ఆయుష్షుకు మంచిది గాదంటరు. జాగ చెప్పినా మంచిది గాదంటరు. గందుకే నోరిప్పలే. ఇప్పుడు నువ్వే తీస్తివి."

బిడ్డ పుట్టాక పడే మాయను ముంతలో పెట్టి, తోడుగా ఒక రూపాయీ ఒక ఇనుప ముక్కా వేసి, ఆ బిడ్డ పుట్టిన ఇంటి పెరట్లోనే పాతడం మా అత్తగారివాళ్ల ఆనవాయితీ. మా ఆయన పుట్టింది అమ్మమ్మగారింట్లో గనుక ఆయన ముంత అక్కడే ఉందట. మా పుట్టింటి దిక్కు మాయను ఊరి బయట పాతుతారు, యారాలి కాన్పులన్నీ ఆమె పుట్టింట్లోనే అయ్యాయి; మా ఇద్దరికీ ఈ సంగతి తెలిసే దారి లేదు. పురిటి సంగతులు మొగవాళ్లకు చెప్పేవాళ్లే లేరు. తనతో మాట్లాడని కొడుకు ప్రాణానికి కాపలాగా ఆమె ఆ మూలన నిలబడిందని అప్పటిగ్గానీ మాకు తెలిసిరాలేదు.

బావ గడ్డపార పక్కన పెట్టాడు. గుంత అంచున చతికిలబడి "అవ్వా" అన్నాడు.  ఆ ఒక్క పిలుపు కోసం ఎన్ని పూటలు గరిటె పట్టుకుని ఆగిందో, ఇప్పుడు అది విని మురవడానికి కూడా ఆమెకు తీరిక లేదు. గబగబా రూపాయి తీసుకుని ముంతలో వేసి, పసుపు తెమ్మని నన్ను కేకేసి, తన చేతులతోనే గుంత పూడ్చింది. ఒకటున్న చోట ఇంకా ఉంటాయని మిలిటరీ మనిషి ఏదో అనబోతే బావ చూసిన చూపుకు అతను పెట్టె సర్దుకుని పోయాడు. పోయేవాడు ఊరకే పోక, వీళ్లకు కుండ దొరికింది, నా పాలు ఎగ్గొట్టారు అని ఊరంతా చెప్పిపోయాడు. ఆ ఏడు బావ కొత్త ఎడ్ల జత కొనడంతో ఊరు దాన్ని నిజమే అనుకుంది. కుండ మాత్రం ఈనాటికీ దొరకలేదు. అసలు ఉందా అని నాకు అనుమానమే.

పాళ్లు సాఫీగా అయిపోయాయి. ఈ ఇల్లు మాకొచ్చింది, బావ చేని దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. అత్తను తనతో తీసుకుపోయి మాట్లాడక పోగొట్టుకున్నదంతా మాట్లాడాడు. కానీ ఆమెకు బెంగ పోలేదు. బావ దగ్గితే ఉలిక్కిపడేది, బండి తోలుకుని పోతే మలుపు తిరిగిందాకా వాకిట్లో నిలబడేది. ఆమె ఆ భయంతోనే పోయింది. బావ మనవల పెళ్లిళ్లు చేసి, ముని మనవణ్ణి ఎత్తుకుని, నిండుగా బతికి పోయాడు. ఆ సంగతి చెప్పడానికి ఆమె లేకపోయిందే అని నాకు ఇప్పటికీ దుఃఖం.

నా రెండో కాన్పు ఈ ఇంట్లోనే అయింది. మా అత్తే వచ్చి పురుడు పోసి, ఆ మూలనే పాత ముంత పక్కన కొత్త ముంత పెట్టించి, నాకొక్కదానికే జాగ చూపించింది. "మొగోళ్లకు చెప్పకు. నీ కొడుక్కు అసలే చెప్పకు" అంది. ఆ కొడుకు ఇల్లే ఇది.

ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానల్లో. మాయ ఎటు పోతుందో కన్నతల్లికి కూడా తెలియదు, అడగాలని కూడా తోచదు. వాకిలంతా సిమెంటయింది, అలుకు లేదు, శుక్రవారం లేదు, రూపాయలు ఫోన్లోనే ఉంటాయట. భూమిలో దాచుకునేదేదీ ఎవరికీ మిగల్లేదు, ఒకరి పెరటి మీద ఒకరికి కన్నూ లేదు. అప్పటి స్నానాల బండ మూలే ఇప్పటి జామచెట్టు మూల, అదొక్కటే నేను పోరి పోరి మట్టిగా ఉంచుకున్నాను.

నిన్న చాయ్ గ్లాసు పెట్టి రావడానికి లోపలికి పోయి తిరిగి వచ్చేసరికి, నా కుర్చీ పక్కకు జరిపి ఉంది. మా కోడలు ఆ మూలన మట్టిని కాలి బొటనవేలితో నొక్కి చూస్తోంది. నన్ను చూసి గతుక్కుమని, జామచెట్టుకు నీళ్లు పోద్దామని వచ్చానంది. చేతిలో చెంబు కూడా లేదు. నాకు నవ్వొచ్చింది, వెనకాలే మా అత్త గుర్తొచ్చి కళ్లు నిండాయి. ఒక్క మాట చెబితే ఇక్కడ కుండ ఉందన్న దాని అనుమానం తీరిపోతుంది. నాలిక కొసదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. కుర్చీ మళ్లీ అక్కడికే జరుపుకుని కూర్చున్నాను.