ఎల్లవ్వ చూడని పెండ్లి

కూతురి పెండ్లినాడు ఎల్లవ్వ బీడీలు చుట్టలేదు. ఆ రోజు చేతులకూ పని లేదు, కళ్ళకూ లేదు. భర్త రాజేశం పోయి అప్పటికి పదేళ్ళు. మొగుడు లేని మనిషి పందిట్లో కనబడొద్దని తోటికోడలు లసుమవ్వ, ఆమె భర్త పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. ఎల్లవ్వ వెనక గదిలో బియ్యం బస్తా మీద కూర్చుంది. అప్పగింతలకు పిలుస్తారేమోనని చెవులు అటే పెట్టింది. ఎవరూ పిలవలేదు. కారు హారన్ వినబడ్డాక పెండ్లయిపోయిందని తెలిసింది.

ఏడాది దాటాక, శ్రావణంలో, కూతురు భాగ్య సిరిసిల్ల నుంచి కోరుట్లకు పెండ్లి డీవీడీ తెచ్చింది.

“మొత్తం చూడు అమ్మా. కారెక్కేటప్పుడు నీ కోసమే మర్లి చూసిన. నువ్వే కనవడలే,” అంది.

అది మూడు గంటల డీవీడీ. ఆ వారమే ఎల్లవ్వ రిమోట్‌ను పాడుచేసుకుంది. బీడీలకు నానబెట్టిన తునికాకును తడిగుడ్డలో చుట్టి, గుడ్డ లేవకుండా మీద బరువుకని చేతికందిన రిమోట్ పెట్టింది. తెల్లారేసరికి దానిలోకి నీళ్ళు దిగాయి. డీవీడీ ఆడించే డబ్బా మీద ఉన్నవి మూడే బటన్లు: పెట్టడానికి, ఆపడానికి, డీవీడీ బయటికి తీయడానికి. ముందుకు జరపాలంటే రిమోట్ ఉండాల్సిందే.

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. కోరుట్లలో ఎల్లవ్వ వాడకు పొద్దున తొమ్మిదికి వచ్చిన కరెంటు పదకొండుకు పోయేది, రాత్రి వచ్చినా గంట నిలిచేది కాదు. రోజూ పెండ్లి మొదటి నుంచి మొదలయ్యేది, తలంబ్రాల దగ్గర ఆగిపోయేది. నలుగు పెట్టినవాళ్ళంతా ఎల్లవ్వకు కంఠతా వచ్చేశారు. భాగ్య కారెక్కడం మాత్రం ఒక్కనాడూ రాలేదు.

సద్దుల బతుకమ్మకు రెండు రోజులుందనగా ఫోన్ వచ్చింది.

“బస్సుల్లేవు అమ్మా. ఆరో నెలల జీపెక్కద్దంటుండు మీ అల్లుడు. ఈసారికి రాను.”

“అద్దు బిడ్డా, పైలం,” అని ఎల్లవ్వ ఫోన్ పెట్టేసింది. పెట్టేసి నేరుగా టీవీలు బాగుచేసే ప్రేమ్‌సాగర్ దుకాణానికి నడిచింది.

మర్నాడు తొమ్మిదింటికి ప్రేమ్‌సాగర్ ఏ డబ్బాకైనా పనిచేసే రిమోట్ ఒకటి తెచ్చాడు. జగిత్యాల నుంచి తెలిసినవాళ్ళ బండి మీద తెప్పించాడు. దాంతోపాటు కంపెనీల పేర్లు, వాటి నంబర్లు అచ్చేసిన కాగితం ఉంది. ఎల్లవ్వ డబ్బా మీద పేరే లేదు.

“గిది ఏ కంపెనీదో దాన్ని కన్నోళ్ళకే ఎరుక, చిన్నమ్మా. ఒక్కొక్కటి వెతుకాలె,” అన్నాడు.

సెట్ బటన్ ఒత్తిపట్టాడు. రిమోట్ మీద ఎర్రలైటు నిలిచింది. ఇక డబ్బాకు ఎదురుగా పట్టుకుని పవర్ బటన్ నొక్కుతూ పోవాలి. నొక్కినప్పుడల్లా రిమోట్ ఒక కొత్త నంబరు ప్రయత్నిస్తుంది. సరైనది తగిలితే డబ్బా దానంతటదే ఆరిపోతుంది. ఆరిన ఆ క్షణాన సెట్ నొక్కితే ఆ నంబరు నిలుస్తుంది. ఇంకొక్కసారి పవర్ నొక్కితే దాటిపోతుంది, మళ్ళీ మొదటి నుంచే.

లసుమవ్వ కూడా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఎంతసేపురా? రైతుబజారుల బెండకాయలు ఏరినట్టు నొక్కుతున్నవు.”

“నీ మొకం టీవీల రావాలంటే గింత కష్టం ఉంటది పెద్దమ్మా.”

ముప్పావుగంట తర్వాత డబ్బా ఆరింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఊరేగింపు, జై తెలంగాణ అంటూ డప్పులు. ప్రేమ్‌సాగర్ తల అటు తిప్పాడు, వేలు ఇంకోసారి పడింది.

“అయ్యో, పాయె!”

“ఇటు తే,” అంది ఎల్లవ్వ. ప్లగ్గు పీకి పెట్టి డబ్బాను మళ్ళీ వెలిగించింది.

రోజుకు వెయ్యి బీడీల కొసలు మడిచే వేళ్ళు అవి. చూపు డబ్బా పచ్చలైటు మీద, వేలు బటన్ మీద. ఊరేగింపు పోయింది, ఇంకో ఊరేగింపు వచ్చింది. ఆమె కదలలేదు. పదిన్నర దాటాక పచ్చలైటు ఆరింది, ఎల్లవ్వ వేలు సెట్ మీద ఉంది.

ప్రేమ్‌సాగర్ డబ్బాను వెలిగించి డీవీడీని ముందుకు పరిగెత్తించాడు. నలుగు, తాళి, తలంబ్రాలు, భోజనాలు. అప్పగింతలు. తెర మీద లసుమవ్వ భాగ్యను పట్టుకుని ఏడుస్తోంది.

“ఎంత బక్కగుంటిని అప్పుడు!” అంది గోడ దగ్గరి లసుమవ్వ.

భాగ్య ఒక కాలు కారులో పెట్టి మర్లి చూసింది. కెమెరా వైపు కాదు, దాని పక్కగా, ఇంటి వాకిలి వైపు. ఎవరిదో చేయి ఆమె తల వంచి లోపలికి కూర్చోబెట్టింది. కారు కదిలింది. వీడియో అతను తెర నిండా గులాబీ రేకులు రాల్చాడు.

ఎల్లవ్వ ఏడవలేదు. “మల్లొక్కసారి,” అంది.

“వెనుకకు పొయ్యేది గిది, చిన్నమ్మా.”

ఆమే నొక్కింది. చప్పుడు ఆగిపోయింది. రేకులు పైకి లేచాయి. కారు వెనక్కి వచ్చి గుమ్మం ముందు నిలిచింది. భాగ్య కారు దిగింది. వాకిలి వైపు చూసింది. లసుమవ్వ చేతులు ఆమెను వదిలేశాయి. ఒక్కొక్క అడుగే గడప దాటి లోపలికి వచ్చేసింది.

“ఏందే, ఉల్టా పెట్టినవు?” అంది లసుమవ్వ.

“ఉండనీ అక్కా.”

ప్రేమ్‌సాగర్ టైం చూసుకున్నాడు. కరెంటు పోవడానికి ఇంకా పది నిమిషాలుంది. “ముంగటికి పొయ్యేది ఇగో, గీ బటన్,” అని వేలు పెట్టి చూపించాడు.

“అది నాకద్దు,” అంది ఎల్లవ్వ.