వడపోత మేడమ్ విన్న ఎనిమిదో పాట

ఆఫీసులో అందరూ ఆమెను వడపోత మేడమ్ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆమె కూడా పలుకుతోంది. ఫోన్లలో పాటలు వినిపించే ఒక యాప్ కంపెనీలో ఆమె ఉద్యోగం. ప్రతి శుక్రవారం ఉదయం ఆ యాప్ తెరిచినవాళ్ళకు "ఈ వారం కొత్తగా వినండి" అంటూ పది పేర్లు కనిపిస్తాయి. ఆ పదింటినీ ఏరేది ఆమే. ఒక్కో పేరు కింద రెండు వాక్యాలు రాసేదీ ఆమే.

"పాటలు వింటే జీతమిస్తారా, ఇదేదో బాగుందే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అంటారు. పదకొండేళ్ళుగా ఆ మాట వినీ వినీ ఆమె దానికి నవ్వడం మానేసింది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి రెండు వందల పైచిలుకు కొత్త ఆల్బములు ఆమె కోసం కాచుకుని ఉంటాయి. వాటిలో సగం వాన చప్పుడుతో మొదలవుతాయి. ఒకాయన నలభై పాటలు పంపుతాడు, అన్నీ కలిపి ఒకటే పాట, పేర్లే వేరు. ఇంకొకామె తన గొంతును మిషన్లో వేసి ఎంత నున్నగా చేయిస్తుందంటే, పాడింది మనిషో, అంతస్తు నంబరు చెప్పే లిఫ్టో తెలియదు. ప్రతి ఆల్బంతోనూ ఒక ఉత్తరం ఉంటుంది. "ఇలాంటి సంగీతం మీరు ఇంతవరకు విని ఉండరు." ఒక వారం అదే వాక్యాన్ని పంతొమ్మిది ఉత్తరాల్లో చదివి, ఆమె మంచినీళ్ళు తాగుదామని లేచి వెళ్ళి, తాగడం మరిచిపోయి తిరిగొచ్చింది.

మేనేజరు ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. మర్యాదస్తుడే గానీ, అతనికి ఒక్కటే పాఠం వచ్చు.

"మొదటి ముప్పై సెకన్లలో పట్టుకోకపోతే జనం దాటేస్తారు మేడమ్."

"ముప్పై సెకన్లలో గొంతు సవరించుకోవడం కూడా అవదండీ" అంటుంది ఆమె. అతను తల ఊపి, మళ్ళీ వారం అదే మాట చెబుతాడు.

అలాంటి ఒక సోమవారం, ఆమె బస్సులో ఉండగా బావ ఫోన్ చేశాడు. బావ అంటే ఆమె అక్క భర్త. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. ఏభై ఎనిమిదేళ్ళొచ్చినా పాటల పిచ్చి తగ్గలేదు. పాటకు కావలసినవన్నీ ఆయన దగ్గర ఉన్నాయి, ఉత్సాహం, ఓపిక, తెల్లచొక్కా. గొంతొక్కటే లేదు.

"ఏమ్మా, కూర్చునే ఉన్నావా?"

"బస్సులో నిలబడి ఉన్నాను బావా."

"అయితే గట్టిగా పట్టుకుని విను. శుక్రవారం నా ఆల్బం వస్తోంది. పదకొండు పాటలు. మాటలు నావే, వరసలు నావే, గొంతూ నాదే."

ఆమె నిజంగానే పై కమ్మీని గట్టిగా పట్టుకుంది. "చాలా సంతోషం బావా."

"సంతోషం సరే. నీ పదిలో నన్ను ఎన్నో నంబరులో వేస్తున్నావు?"

"అలా కుదరదు. మనవాళ్ళ పాటలు నేను ముట్టుకోకూడదు, రూలుంది."

"ఎవరు పెట్టారు రూలు?"

"నేనే."

"మరి నువ్వు పెట్టిన రూలు నువ్వు తీసేయలేవా?"

మంగళవారం ఆయన స్వయంగా ఆఫీసుకే వచ్చాడు. మీటింగులో ఉన్న ఆమెకు రిసెప్షన్ నుంచి ఫోనొచ్చింది. "మేడమ్, మీ బావగారట. సోఫాలో కూర్చుని ఫోనులో తన పాటలు పెట్టారు. వాచ్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇప్పుడు నాలుగో పాట నడుస్తోంది. కాస్త త్వరగా రండి."

ఆమె పరుగున కిందికి వెళ్ళింది. వాచ్‌మన్ ఆమెను చూసి, జైలు తలుపు తెరిచినట్టు లేచి నిలబడ్డాడు. బావను బయటికి నడిపించడానికి ఆమె ఒక మాట ఇవ్వాల్సి వచ్చింది. తన ఎదురు సీటులో కూర్చునే సహోద్యోగినికి ఆల్బం ఇస్తుంది, ఎవరిదో చెప్పదు. ఆమె పెట్టమంటే పెడుతుంది, వద్దంటే బావ మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు.

"ఆవిడకి సంగీతం తెలుసా?" అన్నాడు బావ అనుమానంగా.

"ఇరవై ఏళ్ళు పియానో నేర్పింది."

"అయితే గ్యారంటీ" అని ఆయన హుషారుగా వెళ్ళిపోయాడు.

ఆ సహోద్యోగినిని ఆఫీసులో కత్తెర అంటారు. నచ్చని పాటను ఆమె సగంలో ఆపే తీరు చూసి పెట్టిన పేరది. మధ్యాహ్నం ఆమె ఆల్బం వినడం మొదలుపెట్టింది. మేడమ్ పని చేస్తున్నట్టు నటిస్తూ ఆమె మొహమే చూస్తోంది. రెండో పాటకు కత్తెర, "ఇది ఇందాకటిదే కదా" అంది. అయిదో పాటకు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏడోది పూర్తిగా వినలేదు. ఎనిమిదో పాట దగ్గర మాత్రం చెయ్యి మౌస్ మీద అలాగే ఉండిపోయింది. నాలుగు నిమిషాలు కదల్లేదు.

"ఈవిడెవరు?" అంది చివరికి.

"ఆవిడెవరూ లేరే. అన్నీ ఆయనే పాడాడు."

"ఆయన రెండు లైన్లు పాడి ఊరుకున్నాడు, మన అదృష్టం. మిగతాదంతా ఎవరో ఆడమనిషి. వెనక ఏదో మిషను తిరుగుతోంది. దాని హోరునే శ్రుతిగా పట్టుకుని పాడుతోంది. మిగతా పది నాకొద్దు, ఇది మాత్రం పెట్టు."

మేడమ్ హెడ్‌ఫోన్లు అందుకుంది. మొదటి ఊపిరికే తెలిసిపోయింది, అది అక్క. తిరిగేది దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను.

వెంటనే బావకు ఫోన్ చేసింది. "ఎనిమిదో పాటలో అక్క పేరు లేదేం?"

"అసలు పాడాల్సిన ఆవిడ రాలేదమ్మా. మీ అక్క పని చేసుకుంటూ పాడుతుంటే ఫోనులో పట్టాను. పది పాటలంటే తక్కువగా ఉంటుందని కలిపాను, అంతే."

"మరి పేరు?"

"ఇంట్లో మనిషికి పేరెందుకమ్మా?"

"ఇంట్లో మనిషికి పేరుండదా బావా?"

ఆయన సరే మారుస్తానన్నాడు. సాయంత్రానికి మార్చాడు కూడా. చూస్తే, పాడినవారి దగ్గర ఆయన పేరు అలాగే ఉంది. అక్క పేరును ఎక్కడో అడుగున, "ఇతరులు" అన్న చోట, మిక్సింగు చేసినవాడి పేరు తర్వాత వేశాడు. అక్షరం కూడా తప్పు. మేడమ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం సాయంత్రం ఆమె దుకాణానికి వెళ్ళింది. బావ ముందు గదిలో ఎవరికో ఫ్రేములు చూపిస్తూ ఆమెను చూడనట్టు ఉండిపోయాడు. వెనక గదిలో అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. తిరిగే రాతి చక్రం మీద సన్నగా నీళ్ళు పడుతున్నాయి. అక్క అద్దాన్ని దానికి ఆనించి, తీసి, వెలుతురులో చూసి, మళ్ళీ ఆనిస్తోంది. మోచేతుల దాకా తెల్లటి అద్దపు పొడి.

"అక్కా, నీ పాట మా జాబితాలో పెడదామనుకుంటున్నాం. నీకిష్టమేనా అని అడగడానికొచ్చాను." అక్క సిగ్గుపడుతుందని, నాకెందుకే ఇవన్నీ అంటుందని ఆమె దారంతా అనుకుంటూ వచ్చింది. బతిమాలడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

"బాగుందా?" అంది అక్క.

"చాలా బాగుంది. మా ఆఫీసులో ఒకావిడ విని, ఇది పెట్టాల్సిందే అంది."

అక్క మిషను ఆపింది. "ఎవరు విన్నారు?"

"ఎదురు సీటావిడ. మేం కత్తెర అంటాం."

"అంటే నువ్వు కాదు."

"రూలుంది కదక్కా..."

"నేను రూలు సంగతి అడగడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఈ స్టూలు మీద పాడుతున్నాను, నువ్వు నెలకోసారైనా వస్తావు. అంతకుముందు మనిద్దరిదీ ఒకటే గది. పాడుతుంటే, 'అక్కా, ఆపు, చదువుకోవాలి' అనేదానివి. లోకంలో వాళ్ళందరి పాటలూ వినడానికి జీతం తీసుకుంటున్నావు. నా పాట బాగుందని నీకు పరాయి మనిషెవరో చెప్పాల్సొచ్చింది."

"రోజంతా విని చెవులు అలిసిపోతాయక్కా" అంది మేడమ్.

"అందరికీ ఆఫీసులో తెరుచుకునే చెవులు నా దగ్గరికొచ్చేసరికే అలిసిపోతాయి."

అక్క చేతిలోని అద్దాన్ని గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టింది. "పెట్టు. నా పేరు సరిగ్గా రాయించు. ఆ 'ఇతరులు' కింద కాదు" అని మళ్ళీ మిషను వేసింది.

ఆ రాత్రి బావ దగ్గర కూర్చుని అక్కే పాట వివరాల ఫారం మళ్ళీ నింపించిందట. గురువారం ఉదయానికి పేరు పైకి వచ్చింది, అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. ఇక అంతా అయిపోయిందనుకుంటే మేనేజరు వచ్చాడు. "మేడమ్, మొదట నలభై సెకన్లు మిషను చప్పుడే ఉంది. అది కోసేద్దామా?"

మేడమ్ నోరు తెరిచేలోపే కత్తెర అందుకుంది. "కోస్తే నా రాజీనామా కూడా దాంతోపాటే కోసి పంపుతాను." అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

పాట శుక్రవారం ఏడో పేరుగా వచ్చింది. మొదటి చప్పుడుకే దాటేసినవాళ్ళు చాలామందే ఉన్నారు, మేనేజరు చెప్పింది అబద్ధం కాదు. కానీ దాటకుండా ఉన్నవాళ్ళు చివరిదాకా విన్నారు, మళ్ళీ మళ్ళీ విన్నారు. వెనక వాయించింది ఏ వాయిద్యమని కొందరు రాసి అడిగారు. బావ మిగతా పది పాటల గతేమిటని అలిగి మూడు వారాలు మరదలితో మాట్లాడలేదు. దుకాణానికొచ్చినవాళ్ళకు మాత్రం, "ఆల్బం నాదే" అని మర్చిపోకుండా చెప్పేవాడు.

ఆయన ఫోన్లు లేవు కదా, ప్రశాంతంగా ఉండొచ్చనుకుంటే అదీ దక్కలేదు. "మీ అక్కది పెట్టావట, మా అమ్మాయిది ఏం పాపం చేసింది" అంటూ ఎప్పుడో పెళ్ళిళ్ళలో చూసిన చుట్టాలంతా మొదలుపెట్టారు. పద్నాలుగు మందికి ఆమె కత్తెర సంగతి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. పదిహేనో ఫోనుకు కత్తెర నంబరే ఇచ్చేసింది. ఆ తర్వాత వారం రోజులు కత్తెర ఆమెతో మాట్లాడలేదు.

రెండు నెలలకు అక్క ఇంకో అయిదు పాటలు పంపింది. కత్తెర రెండు తీసుకుని మూడు వద్దంది. ఆ మాట అక్కకు చెప్పే పని మేడమ్‌దే. ఫోనులో చెప్పీ చెప్పగానే అక్క, "ఆ నాలుగోది ఎందుకు వద్దంది? ఇంకోసారి వినమను" అంది, అచ్చం మిగతా రెండు వందల మందిలాగే. మేడమ్ కళ్ళు మూసుకుంది. ఇక ఇంట్లోనూ ఇదేనా అనుకుంది.

"నేను కూడా విన్నానక్కా. మూడు సార్లు. రెండో చరణంలో ఊపిరి చాలక తొందరపడ్డావు. చివరి మాట మింగేశావు."

అవతల మిషను ఆపిన చప్పుడైంది. కోపం వచ్చిందేమో అనుకుంది.

"అవును. ఆ రోజు ఆరు జతల అద్దాలు ఇవ్వాల్సి ఉంది. తొందరగానే పాడాను" అంది అక్క. "మరి మొదటి చరణం?"

ఆ ఒక్క పాట గురించి వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో నాలుగుసార్లు వాదులాడుకున్నారు. వెనక నుంచి బావ, మరి నా ఆల్బం సంగతి ఆ కత్తెర ఏమందో కనుక్కో అంటూనే ఉన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ ఆయనకు జవాబు చెప్పలేదు.