కొట్టని గంట

నది నీళ్లు ఊళ్లోకి వెళ్లే ముందు వాటిలోంచి వేలంత లావు ధార ఒకటి గాజుతొట్టిలోంచి పారుతుంది. తొట్టిలో చూపుడువేలంత చేపలు ఆరు. వాటిని చూస్తూ కూర్చోవడం ఆమె ఉద్యోగం. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచినా, పక్కకు ఒరిగినా, గోడకున్న గంట కొట్టాలి. పక్కగదిలో పంపులు ఆపేస్తారు. అలాంటిదేమీ లేకపోతే గంటకోసారి రిజిస్టరులో ఒక్క మాట రాయాలి: బాగున్నాయి.

పదిహేడేళ్లుగా రాస్తోంది. నీళ్ల కేంద్రంలో అందరూ ఆమెను చేపలమ్మ అంటారు. మొదట్లో అది వెక్కిరింపు. పోనుపోను అదే పేరైపోయింది.

"అక్కా, పిల్లలు భోంచేశారా?" పంపు ఆపరేటరు రోజూ పొద్దున్నే అడుగుతాడు.

"చేశారు. నీకూ ఇంత మేత చల్లనా?"

ఇంట్లో ఆమె కుళాయి నీళ్లు రెండుసార్లు కాస్తే గానీ తాగదు. అత్తగారికి అది వింత.

"ఊరందరికీ నీళ్లు పంపేదీ నువ్వే, కాచుకు తాగేదీ నువ్వే. ఏం కలుపుతున్నావే తల్లీ అందులో?" అని పెద్దావిడ నవ్వుతుంది. ఆమె నవ్వదు. గిన్నె మీద మూత సర్దుతుంది.

తొమ్మిదేళ్ల కిందట, ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆరు చేపలూ వెల్లకిలా తేలుతున్నాయి. ఆమె చెయ్యి గంట దాకా వెళ్లి ఆగిపోయింది. ముందువారమే రెండు చేపలు ఒరిగితే గంట కొట్టింది. ఊరికి ఒక పూటంతా నీళ్లు లేవు. చివరికి నీళ్లలో ఏ దోషమూ లేదని తేలింది. అప్పటి ఇంజనీరు అందరి ముందూ నిలబెట్టి, "ఇంకోసారి ఇలా చేస్తే ఇంట్లో అక్వేరియం పెట్టుకుని కూర్చోవచ్చు" అన్నాడు.

అందుకని ముందు సీసాలో నీళ్లు పట్టి, కేంద్రంలో మామూలుగా చేసే నాలుగు పరీక్షలూ చేసింది. నాలుగూ సరిగ్గా వచ్చాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చచ్చిన చేపలను వలతో తీసి కాగితంలో చుట్టింది. కేంద్రం పెరట్లో బోరు నీళ్ల తొట్టిలో పెంచే చేపల్లోంచి ఆరింటిని తెచ్చి వదిలింది. అవి ఈదాయి. బాగున్నాయి, అని రాసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అత్తగారు కుళాయి కింద గ్లాసు పెట్టి నింపుకుంటోంది. ఆమె చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. పెద్దావిడ గ్లాసంతా తాగి, మూతి తుడుచుకుని అంది:

"ఏంటే ఆ చూపు? నీళ్లు తాగేవాళ్లని ఎప్పుడూ చూళ్లేదా?"

వారం రోజులు ఆమె అత్తగారి కంచం వైపు, కళ్ల వైపు చూస్తూనే ఉంది. ఏమీ కాలేదు. ఊళ్లోనూ ఎవరికీ ఏమీ అయినట్టు వినలేదు.

కేంద్రంలో ఆమె కూర్చునే గది కిటికీ కింద, పంపులు నీళ్లు తోడే చోట, నదిలోకి దిగిన రాతిగోడ ఉంది. దాని మీదికి రోజూ పొద్దున్నే రెండు నీటికుక్కలు వచ్చేవి. పట్టిన చేపను ముందుకాళ్లతో పట్టుకుని తల దగ్గర్నుంచి కొరికేవి. ఒళ్లు దులుపుకుని, రాయి మీద తడి అడుగులు వదిలి వెళ్లిపోయేవి. ఆ మధ్యాహ్నం తర్వాత అవి రాలేదు. గోడ పగుళ్లలో అరిచే కప్పలు అరవలేదు. తీగ మీది లకుముకిపిట్ట మూడు రోజులు నీళ్లలోకి చూస్తూ కూర్చుని, ఎటో పోయింది.

ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో గోడ మీద తడి అడుగులు కనిపిస్తాయి. ఆమె మెట్లు దిగి వెళ్లి అరచెయ్యి ఆనిస్తుంది. రాయి పొడిగా ఉంటుంది.

మొన్న కొత్త ఇంజనీరు ఒక పెట్టె పట్టించుకొచ్చాడు. దానికి ఆకుపచ్చ దీపం, ఎర్ర దీపం.

"అమ్మా, ఇది ఆ నాలుగు పరీక్షలూ నిమిషానికోసారి చేస్తుంది. తొట్టి తీసేద్దాం. మీకు ఆఫీసులో కుర్చీ వేయిస్తాను" అన్నాడు. మర్యాదస్తుడు.

"ఆ నాలుగే చూస్తుందా సార్?"

"చాలవా? ఇన్నేళ్లలో ఈ చేపలు మనకేమైనా చెప్పాయా?"

"ఎక్కడండీ," అన్నాడు ఆపరేటరు, తలుపుకి ఆనుకుని. "ఆ ఒక్కసారి అబద్ధం చెప్పాయి. తర్వాత అక్క వాటికి బాగున్నాయి తప్ప వేరే మాట నేర్పలేదు."

ముగ్గురూ నవ్వబోయారు. ఆమె లేచి బీరువా తీసింది. పాత రిజిస్టరు వెతుక్కోనక్కర్లేకపోయింది. పేజీ కూడా. ఆ గడిలో మాట కొట్టేసి పక్కన రాసింది: ఆరూ చచ్చిపోయాయి. నాలుగు పరీక్షలూ సరిగ్గానే వచ్చాయి. గంట కొట్టలేదు. కింద దిద్దిన రోజు తేదీ వేసి సంతకం పెట్టింది.

ఇంజనీరు రెండుసార్లు చదివాడు, రెండోసారి పైకి. "దీంతో మీ ఉద్యోగం పోతుంది. తెలుసా?"

"తెలుసు సార్. ఆ రోజు మీ పెట్టె ఉన్నా ఆకుపచ్చ దీపమే వెలిగేది."

ఆయన దీపం వైపు చూశాడు. పెట్టె పక్కన పెట్టించాడు. రిజిస్టరు చంకలో పెట్టుకుని, వేరే మనిషి వచ్చేదాకా ఆపరేటరును తొట్టి దగ్గర కూర్చోమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆపరేటరు తలుపు వదిలి తొట్టి దగ్గరికొచ్చాడు.

"అప్పుడు మా చిన్నది నెలల పిల్ల. దాని పాలల్లోకి నీళ్లు ఇక్కణ్నుంచే పట్టుకెళ్లేవాణ్ని. పట్టుకెళుతుంటే చూశావు కూడా."

"చూశాను. పిల్ల బాగానే..."

"బాగానే ఉంది. అది నేను అడగలేదు."

ఆమె సంచీ తీసుకుంది. కుర్చీ అతని వైపు జరిపింది.

"కుడివైపు చిన్నదాన్ని చూస్తూ ఉండు. ముందు ఒరిగేది అదే. ఒరిగితే పరీక్షలు చెయ్యకు. కొట్టెయ్."

అతను తలెత్తలేదు. చేపల ముందు కూర్చున్నాడు.

బయటికి వస్తుంటే గోడ మీద నాలుగు తడి అడుగులు కనిపించాయి. ఆమె మెట్లు దిగింది. చెయ్యి ఆనించింది. రాయి పొడిగా, వేడిగా ఉంది.